చంద్రుడి మీద మట్టి పని: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మనుషులు చంద్రుడి మీద ఏళ్ల తరబడి ఉండాలంటే వాళ్లకంటే ముందు రోబోలు వెళ్లి చోటు సిద్ధం చేయాలని పోయిన సంచికలో రాశాం. దాని మీద ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. పనికి సంబంధించినవి ఏరి జవాబులిస్తున్నాం. చంద్రుడి మీద ప్లాటు కొనవచ్చా అని అడిగిన వారికి ఒక్క మాట: కొనకండి.

ప్రశ్న: చంద్రుడికి సిగ్నల్ వెళ్లడానికి సెకనున్నర కూడా పట్టదు. ఇక్కడ కూర్చుని రిమోట్‌తో నడపకుండా రోబోకు సొంత తెలివి ఎందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

నడపవచ్చు, నడిపారు కూడా. సోవియట్ యూనియన్ 1970లో దింపిన లునోఖోద్-1 అనే బండిని క్రిమియాలో కూర్చున్న అయిదుగురి బృందం నడిపింది. వాళ్ల తెర మీద వీడియో ఉండేది కాదు, కొన్ని సెకన్లకొక ఫొటో వచ్చేది. దాంతోనే పదిన్నర కిలోమీటర్లు తిప్పారు. 1973లో లునోఖోద్-2 ఏకంగా 39 కిలోమీటర్లు తిరిగింది. కాబట్టి సిగ్నల్ ఆలస్యం ఒక్కటే కారణమైతే మీరన్నదే నిజం.

లెక్క చూద్దాం. 3.84 లక్షల కిలోమీటర్లు వెళ్లడానికి 1.3 సెకన్లు, జవాబు రావడానికి మరో 1.3. మధ్యలో సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిలే ఉపగ్రహం, గ్రౌండ్ స్టేషన్, ఫొటోను కుదించి మళ్లీ విప్పడం అన్నీ కలిస్తే 4, 5 సెకన్లు అయిపోతాయి. సెకనుకు 20 సెంటీమీటర్లు పోయే బండి ఆ 5 సెకన్లలో మీటరు దూరం వెళ్లిపోతుంది. చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ సెకనుకు ఒక్క సెంటీమీటరే కదిలేది. 2023 ఆగస్టు 27న 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పున గుంత కనిపిస్తే తీరిగ్గా వెనక్కి మళ్లించగలిగారు. పరిశోధనకు ఆ నడక సరిపోతుంది. వందల టన్నుల మట్టి ఎత్తిపోయడానికి సరిపోదు.

అసలు చిక్కు వేరే ఉంది. స్థావరం కట్టాలనుకుంటున్నది దక్షిణ ధ్రువం దగ్గర. అక్కడి నుంచి చూస్తే భూమి క్షితిజాన్ని అంటుకునే ఉంటుంది, నెలలో దాదాపు సగం రోజులు దాని కిందికే దిగిపోతుంది. మధ్యలో కొండ అడ్డొచ్చినా సిగ్నల్ పోతుంది. రిలే ఉపగ్రహాలు పెట్టారే అనుకుందాం, పది బండ్లకు మూడు షిఫ్టుల డ్రైవర్లను ఎక్కడి నుంచి తెస్తారు? ఒక బండి తవ్వి రెండో బండి తొట్టిలో పోసేటప్పుడు రెండూ కదులుతుంటాయి. 5 సెకన్ల కిందటి ఫొటో చూసి పోస్తే సగం నేల పాలే.

అయితే రోబోకు ముందు నేర్పాల్సింది దారి వెతకడం కాదు, తనంత తాను ఆగిపోవడం అని మా అభిప్రాయం. చక్రం తిరుగుతున్నా కెమెరా లెక్క ప్రకారం బండి జరగకపోతే ఆగాలి. మోటారు కరెంటు హద్దు దాటితే ఆగాలి. బండి వంపు ఉదాహరణకు 20 డిగ్రీలు మించితే ఆగాలి. ఇవన్నీ భూమిని అడగకుండా జరగాలి. దారి వెతికే ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా ఈ మూడూ లేకపోతే బండి మొదటి వారంలోనే గుంతలో కూరుకుపోతుంది.

దారి వెతకడంలోనూ ధ్రువం పెట్టే ఇబ్బంది ప్రత్యేకం. అక్కడ సూర్యుడు ఒకటిన్నర డిగ్రీల ఎత్తు దాటడు. ఆ వెలుగులో మీటరు ఎత్తున్న రాయి నీడ 38 మీటర్లు పడుతుంది. గాలి లేదు కాబట్టి నీడలో ఏమీ కనిపించదు. కెమెరాకు నీడా గుంతా ఒకటే. సూర్యుడు వీపు వెనక ఉంటే ఇంకో రకం తిప్పలు: నేల అంతా ఒకే తెలుపు, ఎత్తుపల్లాలు మాయం. అందుకే నాసా తయారుచేసిన వైపర్ రోవర్‌కు హెడ్‌లైట్లు పెట్టారు. జీపీఎస్ లేదు, దిక్సూచి పనిచేయదు. చక్రాల లెక్క, రెండు కెమెరాల లెక్క, నక్షత్రాల కెమెరా, ఇవన్నీ సరిచూసుకుంటూ నడవాలి. 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ ల్యాండర్‌లోని లూగ్రే పరికరం జీపీఎస్, యూరప్ వాళ్ల గెలీలియో సిగ్నళ్లను చంద్రుడి మీద అందుకుంది కాబట్టి ముందుముందు ఈ పని కొంత తేలిక కావచ్చు.

సొంత తెలివికి చిన్న రుజువు ఇప్పటికే ఉంది. 2024 జనవరిలో జపాన్ స్లిమ్ ల్యాండర్ ముక్కు నేలకు ఆనించి తలకిందులుగా దిగింది. దాని నుంచి బయటపడ్డ 250 గ్రాముల సోరా-క్యూ అనే చిన్న రోబో తనంత తాను విచ్చుకుని, కదిలి, ఫొటోలు తీసి, వాటిలో ల్యాండర్ కనిపించేవి ఏరుకుంది. వాటిని లెవ్-1 అనే రెండో చిన్న రోబో భూమికి పంపింది. ల్యాండర్ ఏ భంగిమలో ఉందో అందరికీ కళ్లారా చూపించింది అరచేతిలో పట్టే ఆ బొమ్మే.

ప్రశ్న: మా ఓపెన్‌కాస్ట్‌లో 100 టన్నుల డంపర్లు, షావెళ్లు రోజంతా తిరుగుతాయి. చంద్రుడి మీద బరువు ఆరో వంతే కదా, తవ్వడం ఇంకా సులువు కావాలి. చిన్న చిన్న బొమ్మల్లాంటి యంత్రాలే ఎందుకు చూపిస్తున్నారు?
– సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

ఎత్తడం సులువే, తవ్వడమే కష్టం. షావెల్ బకెట్ మట్టిలోకి దిగేటప్పుడు యంత్రాన్ని వెనక్కి, పైకి నెడుతుంది. దాన్ని పట్టి ఉంచేది యంత్రం సొంత బరువు. చంద్రుడి మీద ఆ బరువు ఆరో వంతుకు పడిపోతుంది. మట్టి గట్టిదనం మాత్రం అదే నిష్పత్తిలో తగ్గదు. 30 కిలోల యంత్రం అక్కడ 5 కిలోల బరువుతో నేలను పట్టుకుంటుంది. బకెట్‌ను గట్టిగా దింపితే బకెట్ దిగదు, బండే లేస్తుంది.

బరువైన యంత్రం పంపుదామంటే మోసుకెళ్లేదెవరు? 26 కిలోల ప్రజ్ఞాన్‌ను దింపడానికి దాంతో కలిపి సుమారు 1,750 కిలోల విక్రమ్ ల్యాండర్ కావాల్సి వచ్చింది. ఇంకా పెద్ద ల్యాండర్లు వస్తున్నాయి. అయినా మీ డంపర్ వెళ్లే రోజు దగ్గర్లో లేదు.

నాసా కెన్నెడీ కేంద్రం దీనికి కనిపెట్టిన ఉపాయం చూడముచ్చటైనది. వాళ్ల రాసర్, దాని తర్వాతి రూపమైన ఐపెక్స్ యంత్రాలకు ముందొకటి, వెనకొకటి డ్రమ్ములుంటాయి. డ్రమ్ము చుట్టూ చిన్న చిన్న గరిటెలు. రెండు డ్రమ్ములూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ముందుది బండిని వెనక్కి లాగితే వెనకది ముందుకు లాగుతుంది, రెండూ చెల్లు. ఒక్కో గరిటె కాస్తంతే గీకుతుంది. గీకిన మట్టి డ్రమ్ము లోపలే పడుతుంది కాబట్టి తొట్టి కూడా అదే. ఒంపాలంటే డ్రమ్మును పైకెత్తి వెనక్కి తిప్పితే చాలు. 30 కిలోల తరగతి ఐపెక్స్‌కు పెట్టుకున్న లక్ష్యం 11 రోజుల్లో 10 టన్నులు.

ఇది మీకు నవ్వులాటగా అనిపించవచ్చు. అసలు పనితో పోల్చి చూద్దాం. 30 మీటర్ల వ్యాసంతో ఒక దిగుడు వేదిక, అంటే ల్యాండర్లు దిగే చదును నేల, కావాలి. దాని కోసం నేలను సగటున 10 సెంటీమీటర్లు గీకి చదును చేయాలి. విస్తీర్ణం 707 చదరపు మీటర్లు, మట్టి సుమారు 71 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 1.7 టన్నుల చొప్పున 120 టన్నులు. అలాంటి యంత్రం ఒక్కటే ఉంటే 132 రోజులు. ట్రిప్పుకు 30 కిలోలు అనుకుంటే 4,000 ట్రిప్పులు. నాలుగు యంత్రాలైతే నెల పైచిలుకు, అదీ ఒక్కటీ చెడకపోతే. ఒక పెద్ద యంత్రం కంటే చిన్నవి పది పంపడమే మేలని మేమనడానికి కారణం ఇదే: పదిలో రెండు ఆగినా పని సాగుతుంది.

లోతుకు పోయేకొద్దీ కథ మారుతుంది. పైన కొన్ని సెంటీమీటర్లు మెత్తని దుబ్బ. 30 సెంటీమీటర్లు దాటితే కోట్ల ఏళ్లుగా ఉల్కల దెబ్బలకు అదిరి అదిరి కుదురుకున్న మట్టి, ఇక కుదించడానికి ఖాళీ లేనంత గట్టి. 1971లో అపోలో 15లో డేవిడ్ స్కాట్ పట్టిన డ్రిల్లు 3 మీటర్లు దిగాల్సింది, దాదాపు సగంలోనే మొరాయించింది. రాడ్ల అతుకుల దగ్గర పొడి పైకి రావడానికి గాడులు సరిగా లేవు, పొడి అక్కడే బిగుసుకుపోయింది. తర్వాతి యాత్రకు ఆ గాడులు మార్చారు.

మంచు కలిసిన మట్టి ఇంకో మెట్టు పైన. ఎండ తగలని గుంతల్లో మైనస్ 200 డిగ్రీల కంటే దిగువన మంచు కలిసిన మట్టి కాంక్రీటుకు తీసిపోదు. గరిటెలు పనికిరావు, తిరుగుతూ గుద్దే డ్రిల్లు కావాలి. వైపర్ కోసం చేసిన ట్రైడెంట్ డ్రిల్లు మీటరు లోతుకు దిగుతుంది, అదీ 10 సెంటీమీటర్ల చొప్పున: దిగు, పైకి రా, పొడి దులుపు, మళ్లీ దిగు. ఒక్క ఊపున దిగితే వేడికి మంచు కాస్త మెత్తబడి, ఆగిన మరుక్షణం బిట్ చుట్టూ మళ్లీ బిగుసుకుంటుంది. అందుకే దిగే వేగం, మోటారు కరెంటు, బిట్ వేడి మూడింటినీ యంత్రమే కనిపెట్టుకోవాలి. కరెంటు పెరుగుతూ వేగం తగ్గుతుంటే అది రాయి. వేగం బాగానే ఉండి వేడి పెరుగుతుంటే పొడి పైకి రావడం లేదన్నమాట. ఆ తేడా తెలుసుకుని వెనక్కి తీసుకోవాల్సింది అక్కడే, ఆ క్షణమే. ఇలాంటి డ్రిల్లే ఒకటి 2025 మార్చి 6న అథీనా ల్యాండర్‌తో దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరింది. ల్యాండర్ పక్కకు పడిపోవడంతో డ్రిల్లు కదిలించి చూపడమే తప్ప తవ్వే యోగం పట్టలేదు.

ప్రశ్న: క్వారీలో దుమ్ము మాకు కొత్త కాదు. చంద్రుడి దుమ్ము గురించి అంత భయమెందుకు?
– గ్రానైట్ క్వారీ సూపర్‌వైజర్, కరీంనగర్

భూమి మీది దుమ్మును గాలి కొంత, వాన కొంత అరగదీస్తాయి. అక్కడ ఆ రెండూ లేవు. ఉల్కల తాకిడికి పగిలిన గాజు పెంకులు, పగిలినప్పటి అంచులతోనే ఉన్నాయి. పైగా సూర్యుడి అతినీలలోహిత కిరణాల వల్ల విద్యుదావేశం ఎక్కి, తాకినదానికల్లా అంటుకుంటాయి.

లునోఖోద్-2 పోయింది దుమ్ముతోనే. తెరిచి ఉన్న దాని సోలార్ మూత ఒక గుంత గట్టుకు తగిలి మట్టి పట్టింది. రాత్రికి మూత మూసినప్పుడు ఆ మట్టి లోపలి వేడిని బయటికి పంపే రేడియేటర్ మీద పడింది. మళ్లీ పగలొచ్చాక వేడి బయటికి పోయే దారి లేక లోపలి పరికరాలు మాడిపోయాయి. అపోలో 17లో బండి మడ్‌గార్డు విరిగితే దుబ్బ వానలా మీద పడింది. వ్యోమగాములు మ్యాపులను టేపుతో అతికించి కొత్త మడ్‌గార్డు చేసుకున్నారు. రోబో ఒంటరిగా ఉంటే ఆ పని చేసేవాళ్లుండరు. కాబట్టి విరిగే భాగమే లేకుండా డిజైన్ చేయాలి.

పాటించాల్సినవి చెబుతాం. మోటారు, గేర్లు చక్రం లోపలే మూసి ఉండాలి. తిరిగే చోట స్ప్రింగుతో ఒత్తిపట్టే టెఫ్లాన్ సీలు, దాని ముందు దుమ్ము తిన్నగా రాకుండా వంకర దారి. మామూలు గ్రీజు వద్దు: శూన్యంలో ఆవిరవుతుంది, చలికి రాయవుతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పొడి పూత వాడతారు. రేడియేటర్‌ను ఆకాశం వైపు, చక్రాలు ఎగజిమ్మేది తగలనంత ఎత్తులో పెట్టాలి. పలకలో సన్నని తీగలు పరిచి, వాటిలో మారే వోల్టేజి అలలా పంపి దుమ్మును నెట్టేసే పద్ధతిని బ్లూ ఘోస్ట్ మీద 2025లో పరీక్షించారు, గాజు మీద, రేడియేటర్ పలక మీద రెండింటా పనిచేసింది.

అన్నిటికంటే పెద్ద దుమ్ము దిగే ల్యాండర్ ఇంజన్ లేపేది. 1969లో అపోలో 12 దిగిన చోటికి సుమారు 160 మీటర్ల దూరంలో పాత సర్వేయర్-3 ల్యాండర్ ఉంది. దాని భాగాలు భూమికి తెచ్చి చూస్తే ఇసుక బ్లాస్టింగ్ చేసినట్టు చెక్కుకుపోయి ఉన్నాయి. గాలి అడ్డు లేదు కాబట్టి రేణువు ఎంత వేగంతో లేస్తే అంత వేగంతోనే వచ్చి తగులుతుంది. వరసగా ల్యాండర్లు దిగే స్థావరానికి ముందుగా కావాల్సింది ఇల్లు కాదని, దిగుడు వేదిక, దాని చుట్టూ మట్టి కట్ట అని మేం పదే పదే రాసేది ఇందుకే.

ప్రశ్న: మా పొలంలో సోలార్ పంపు ఉంది. రాత్రి 14 రోజులు ఉండే చోట సోలార్ ఎలా?
– రైతు, నర్సంపేట

రాత్రి అంటే అక్కడ 354 గంటలు. 100 వాట్ల యంత్రం ఆ రాత్రంతా నడవాలంటే 35 యూనిట్లకు పైగా నిల్వ కావాలి. మీ ట్రాక్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 88 ఆంపియర్ అవర్లది అయితే దానిలో ఒక యూనిట్ పడుతుంది. అలాంటివి 34, అదీ పూర్తిగా ఖాళీ చేస్తే. లిథియం బ్యాటరీలో కిలోకు 150 వాట్ అవర్ల లెక్కన 236 కిలోలు. పని ఆపి, ప్రాణం నిలబెట్టుకోవడానికి 20 వాట్లే వాడినా 47 కిలోలు, అంటే ప్రజ్ఞాన్‌కు దాదాపు రెండింతలు.

అందుకే ప్రజ్ఞాన్, విక్రమ్ ఒక పగటి కోసమే తయారయ్యాయి. 2023 సెప్టెంబర్ మొదట్లో నిద్రపుచ్చారు, మళ్లీ తెల్లవారాక పిలిస్తే పలకలేదు. చలికి బ్యాటరీ ఒక్కటే చెడదు. సర్క్యూట్ బోర్డు, దాని మీది చిప్పు, టంకం ఒక్కోటి ఒక్కో మేర ముడుచుకుని అతుకులు పగులుతాయి. చైనా తన రోవర్ యూటు-2కు ప్లుటోనియం వేడి బిళ్లలు పెట్టి ఏళ్ల తరబడి నడిపింది.

ధ్రువం దగ్గర కొన్ని ఎత్తైన అంచుల మీద మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం ఎండ ఉంటుంది. సూర్యుడు నెత్తి మీదికి రాడు, చుట్టూ తిరుగుతాడు. కాబట్టి మీ పొలంలోలా పలకను వాల్చి పెట్టకూడదు. 10 మీటర్ల స్తంభం మీద నిట్టనిలువుగా నిలిపి, నెలకో చుట్టు తిప్పాలి. బండి వెళ్లి స్తంభం నాటడం, నిలువు సరిచూడడం, గుంతలో పనిచేసే బండ్ల దాకా కేబుల్ పరచడం ఇవన్నీ రోబోల పనే. పెద్ద స్థావరానికి ఇది చాలదు. నాసా 2022లో 40 కిలోవాట్ల అణు విద్యుత్ యూనిట్ డిజైన్లకు కాంట్రాక్టులిచ్చింది అందుకే.

ప్రశ్న: రామప్ప గుడికి ఇసుక పునాది వేశారంటారు. చంద్రుడి మీద ఇళ్లకు కూడా అక్కడి మట్టే పనికొస్తుందా?
– ఉపాధ్యాయిని, ములుగు

పనికొస్తుంది, కానీ అక్కడ బాధ తలకిందులు. గుడి కట్టే శిల్పి భయం బరువు గురించి: నేల కుంగుతుందా, అదిరితే నిలుస్తుందా అని. చంద్రుడి మీద ఇల్లు కూలదు, పేలుతుంది. లోపల మనం పీల్చే గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 10 టన్నుల లెక్కన బయటికి తోస్తుంది. రేడియేషన్ ఆపడానికి పైన 3 మీటర్ల మట్టి కప్పినా అక్కడి ఆకర్షణలో దాని భారం 0.85 టన్నులకు సమానం. అంటే కప్పిన మట్టి ఇంటిని నొక్కి పట్టలేదు. గాలిని ఆపేది లోపలి బిగువైన సంచి లేదా లోహపు గది. మట్టి దాని మీద దుప్పటి మాత్రమే. చంద్రుడి మట్టితో గోడలు ప్రింట్ చేసి అందులో ఉంటారన్న బొమ్మలు చూసినప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ప్రింటింగ్ మంచి పనికొచ్చేది నేల మీద, అంటే దిగుడు వేదికకు, దారులకు. నీళ్లు, సిమెంటు లేవు కాబట్టి మట్టినే వేడి చేసి అతకాలి. మట్టి రకాన్ని బట్టి 1,000 – 1,100 డిగ్రీల దగ్గర రేణువులు ఒకదానికొకటి పట్టుకుంటాయి. కిలో మట్టికి అంత వేడి ఇవ్వాలంటే సుమారు 0.28 యూనిట్లు. పైన చెప్పిన వేదిక మీద 5 సెంటీమీటర్ల మందాన, అంటే 60 టన్నులకు, 17,000 యూనిట్లు దాకా. 10 కిలోవాట్లు ఆపకుండా ఇస్తే 70 రోజులు, నష్టాలేమీ లేకుండా. చెడేది ఎక్కడంటే, ఈ మట్టి వేడిని పోనివ్వదు. విక్రమ్ దిగిన చోట పైన 50 డిగ్రీలు దాటి ఉంటే 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10 ఉందని నేల వేడిని కొలిచే చాస్టే పరికరం చూపింది. లేజర్‌తో కాలిస్తే పైపొర కరిగి, కింద పొడి పొడిగానే ఉంటుంది. చల్లారేటప్పుడు పొర వంకరపోయి పగులుతుంది. మైక్రోవేవ్ లోతుకు పోతుంది కానీ వేడెక్కిన చోటే మరింత వేడెక్కి ముద్ద కడుతుంది. ఏది గెలుస్తుందో అక్కడ చేసి చూస్తేనే తేలాలి.

ప్రశ్న: మనిషి ఆకారంలో రోబోలు పంపితే అన్ని పనులూ అవే చేస్తాయి కదా?
– డిగ్రీ విద్యార్థి, సిరిసిల్ల

రెండు కాళ్ల మీద దుబ్బలో నడవడం కష్టం, పడితే లేవడం ఇంకా కష్టం, ప్రతి కీలుకూ దుమ్ము సీలు కావాలి. మనుషుల కోసం కట్టిన గది లోపల స్విచ్చులు నొక్కడానికి ఎప్పుడైనా పనికొస్తాయేమో. మట్టి పనికి వద్దు.

ప్రశ్న: మేం నలుగురం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చంద్రుడి మీద తవ్వే చిన్న రోబో చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– విద్యార్థినులు, హనుమకొండ

రోబో కంటే ముందు నేల తయారు చేసుకోండి. ఇస్రో తన పరీక్షలకు తమిళనాడులోని సిత్తంపూండిలో దొరికే, చంద్రుడి నేలను పోలిన అనార్థోసైట్ రాయిని పొడి చేయించి వాడింది. మీకు ఆ రాయి దొరకదు. కరీంనగర్ వైపు క్రషర్ డస్ట్ దొరుకుతుంది. రేణువుకు పదునైన అంచులుంటాయి కాబట్టి థర్మల్ కేంద్రం బూడిద కంటే ఇదే నయం. బూడిద రేణువులు గుండ్రంగా ఉండి, లేని సులువును చూపిస్తాయి. 1 మిల్లీమీటరు జల్లెడ పట్టి, రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు తొట్టిలో పోయండి. టన్నుకు కొంచెం తక్కువ పడుతుంది, కాబట్టి ల్యాబు మేడ మీద కాకుండా కింది అంతస్తులో పెట్టండి. కింది 20 సెంటీమీటర్లు పొరలు పొరలుగా దిమ్మిసతో కొట్టాలి, పైది వదులుగా వదలాలి. ఎన్95 మాస్కు లేకుండా ఆ గదిలోకి పోవద్దు. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే పోదు.

గది చీకటి చేసి, ఒక్క ఎల్‌ఈడీ దీపాన్ని తొట్టి అంచుకు 5 డిగ్రీల ఎత్తులో పెట్టండి. కెమెరా ప్రోగ్రామ్ లోపాలు అక్కడే బయటపడతాయి. రోబోకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఆదేశాలను 3 సెకన్లు, ఫొటోలను 2 సెకన్లు ఆలస్యం చేయించండి. లినక్స్‌లో నెట్‌వర్క్ ఆలస్యం పెట్టే సదుపాయం ఉచితంగానే ఉంది.

బరువు దగ్గర చాలామంది జట్లు పొరపడతాయి. రోబో బరువును ఆరో వంతుకు తగ్గిస్తే చంద్రుడి పరిస్థితి వచ్చేయదు, తొట్టిలోని మట్టి బరువు భూమి మీదిదే కదా. అయినా పోలికకు పనికొస్తుంది. ముందుగా చక్రాల పట్టు కొలవండి: రోబో వెనక స్ప్రింగ్ త్రాసు కట్టి, ముందుకు నడిపి, జారడం మొదలయ్యేటప్పుడు ఎంత చూపుతుందో రాసుకోండి. మీ డ్రమ్ము లాగే బలం దానిలో సగం దాటకుండా గరిటె వెడల్పు, లోతు నిర్ణయించండి. గరిటె వెడల్పు 4 సెంటీమీటర్లు, లోతు 5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం మంచిది. చక్రం చుట్టుకొలతను తిరిగిన చుట్లతో హెచ్చించి, అసలు జరిగిన దూరంతో పోల్చి జారుడు శాతం ప్రతి సెకనుకూ నమోదు చేయాలి. అది 60 దాటితే రోబో తవ్వడం మాని, డ్రమ్ము ఎత్తి, వచ్చిన దారినే అర మీటరు వెనక్కి రావాలి. ఈ ఒక్కటి మీ చేయి తగలకుండా పదిసార్లకు పదిసార్లు జరిగిన తర్వాతే దారి వెతికే ప్రోగ్రామ్ మొదలుపెట్టండి.